మెషిన్ ఒక్కటే చాలదు: దవాఖాన ఉత్పాదకత గురించి మనం అడగవలసిన లెక్క

(బీదర్‌లో జరిగిన మన యూనియన్ వార్షిక సర్వసభ్య సమావేశంలో, సంక్షేమ నిధి తీర్మానంపై కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై పూర్తిగా ఇస్తున్నాం.)



ఎజెండాలో ఇది మూడో అంశం. మన సంక్షేమ నిధిలో జమైన సొమ్ముతో ప్రభుత్వ దవాఖానకు ఒక డయాలిసిస్ మెషిన్ కొనిద్దాం, దాని మీద మన బాయిలర్ అన్న పేరు రాయిద్దాం అని క్యాంటీన్‌లో పనిచేసే మన అక్క తీర్మానం పెట్టారు. చాలామంది సభ్యులు దాన్ని బలపరిచారు. అక్క ఇక్కడే ముందు వరుసలో కూర్చుని ఉన్నారు. మేము చెప్పబోయేది ఆమెకు వినగానే నచ్చకపోవచ్చు. అయినా దాచకుండా చెప్పడం మా బాధ్యత. తీర్మానాన్ని ఈ రూపంలో ఆమోదించవద్దని కార్యవర్గం మిమ్మల్ని కోరుతోంది. ఎందుకో వివరిస్తాం. దాని బదులు ఏం చేయాలో కూడా మీ ముందు పెడతాం. ఆ తరువాత చేతులెత్తవలసింది మీరు.

ముందు అన్న సంగతి. ఆయన చక్కెర కార్ఖానా బాయిలర్ దగ్గర చాలా సీజన్లు పనిచేసిన మనిషి. రెండు మూత్రపిండాలు పాడయ్యాక వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవలసి వచ్చింది. తెల్లవారుజామున నాలుగింటికి బస్టాండు, హైదరాబాద్ వెళ్లి మెషిన్ మీద నాలుగు గంటలు, రాత్రి పదకొండింటికి ఇల్లు. కార్డు ఉంది కాబట్టి డయాలిసిస్‌కు పైసా తీసుకోలేదు. కానీ బస్సు చార్జీలు, తోడు వెళ్లిన అక్కకు పోయిన కూలి, అన్నకు నాగా పడిన పగారు ఏ స్కీమూ ఇవ్వలేదు. ఇంటికి దగ్గరలోనే ఒక దవాఖానలో డయాలిసిస్ మెషిన్ ఉంది. వెళ్లినప్పుడల్లా ఒక జవాబు. ఒకసారి మెషిన్ ఖరాబైంది, ఇంకోసారి నీళ్లు లేవు, మరోసారి టెక్నీషియన్ రజాలో ఉన్నాడు. ఒక వానాకాలం రాత్రి హైదరాబాద్ నుంచి తిరిగి వచ్చి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు.

అందుకే అక్క మెషిన్ అడుగుతున్నారు. ఆమె స్థానంలో ఎవరున్నా అదే అడుగుతారు. అయితే మిత్రులారా, ఒక్క మాట గమనించండి. అన్నకు దగ్గర దవాఖానలో మెషిన్ లేకపోలేదు. మెషిన్ ఉంది, పని జరగలేదు. మన ఆలోచన అక్కడి నుంచి మొదలు కావాలి.

ఇది మరొకరి తప్పని వేలు చూపించే ముందు మన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మన యూనియన్ ఒక దవాఖానకు ఇ.సి.జి. మెషిన్ బహూకరించింది. పూలదండ వేశాం, ఫోటో తీసుకున్నాం, ఈ బులెటిన్‌లోనే మొదటి పేజీలో వేసుకున్నాం. కొన్ని నెలలకు కాగితం చుట్ట అయిపోయింది. కొత్త చుట్ట ఎవరు కొనాలో ఎవరికీ తెలియదు. మెషిన్ నడపడం నేర్చుకున్న నర్సమ్మ బదిలీ అయింది. ఆ తరువాత మనలో ఒకరు గుండెనొప్పితో వెళ్తే, దుప్పటి కప్పి ఉన్న ఆ మెషిన్‌ను చూసి బయటికి వచ్చి, ప్రైవేటులో డబ్బు కట్టి ఇ.సి.జి. తీయించుకున్నాడు. మెషిన్ ఇచ్చాం కానీ కాగితం, మనిషి, మరమ్మతు గురించి అడగలేదు. ఆ పొరపాటు రెండోసారి చేయకూడదు.

ఇప్పుడు ఉత్పాదకత అనే మాట గురించి. ఆ మాట వినగానే మనకు కంపరం పుడుతుంది. కారణం ఉంది. యాజమాన్యం ఉత్పాదకత అన్నప్పుడల్లా రెండు ఫ్రేములు చూసే సైడర్‌కు మూడో ఫ్రేము అప్పగించారు, బదిలీ కార్మికులను తగ్గించారు. కనుక దవాఖానలో ఉత్పాదకత పెంచాలి అంటే, అక్కడి నర్సుల మీద, ఆయాల మీద పనిభారం వేయడమేనా అని మీరు అడగవచ్చు. కాదు. కానీ ఆ మాటను పూర్తిగా యాజమాన్యాలకు వదిలేస్తే మనకే నష్టం. ఎందుకంటే దవాఖానలో ఉత్పాదకత తగ్గితే లాభం పోయేది ఏ షేర్‌హోల్డరుకూ కాదు. వరుసలో నిలబడ్డ మనకే పోతుంది.

దవాఖాన లెక్క మిల్లు లెక్కంత కష్టం కాదు. నూరు మంచాల దవాఖాన అనుకోండి. చేరిన రోగి సగటున పది రోజులు ఉంటే, మంచాలన్నీ నిండి ఉన్నా రోజుకు పదిమందిని మించి చేర్చుకోలేరు. అదే ఐదు రోజుల్లో నయం చేసి పంపగలిగితే రోజుకు ఇరవై మందిని చేర్చుకోవచ్చు. ఒక్క మంచం కూడా పెంచకుండా దవాఖాన రెండింతలైనట్టే. ఇక్కడ సాంకేతిక విజ్ఞానం నిజంగా పనికొస్తుంది. పిత్తాశయంలో రాళ్లకు పెద్ద కోత పెట్టి ఆపరేషన్ చేస్తే వారం దాకా మంచం మీద ఉండేవారు. చిన్న రంధ్రాలతో చేసే పద్ధతిలో ఒకటి రెండు రోజులకే ఇంటికి పంపుతున్నారు. క్షయ ఉందో లేదో, మందుకు లొంగుతుందో లేదో తేల్చడానికి కల్చర్ పరీక్షకు వారాలు పట్టేది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జీన్ ఎక్స్‌పర్ట్ మెషిన్ సుమారు రెండు గంటల్లో చెబుతుంది. దూది దుమ్ములో పనిచేసి దగ్గుతో వెళ్లే మన కార్డింగ్ ఖాతా కార్మికుడికి అది క్షయా, లేక దుమ్ము వల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బా అని తెలియడానికి ఇంత తేడా ఉంది. కాబట్టి మేము మెషిన్లకు వ్యతిరేకం కాదు. మెషిన్ ఎప్పుడు పని ఇస్తుంది, ఎప్పుడు ఇవ్వదు అన్నదే ప్రశ్న.

డయాలిసిస్ మెషిన్‌నే తీసుకోండి. ఒక రోగికి సుమారు నాలుగు గంటలు. ఆ తరువాత శుభ్రం చేయాలి. అంటే ఒక షిఫ్టుకు ఒక రోగి. రెండు షిఫ్టులు నడిస్తే రోజుకు ఇద్దరు, వారానికి ఆరు రోజులకు పన్నెండు సార్లు. ఒక్కో రోగికి వారానికి రెండు సార్లు చొప్పున ఆరుగురు, వైద్యులు కోరేట్టు మూడు సార్లయితే నలుగురే. ఒక్క షిఫ్టే నడిస్తే అందులో సగం. ఇక నీళ్లు. నాలుగు గంటల్లో సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు మెషిన్ లోంచి పోతుంది. అంత శుద్ధ నీరు రావాలంటే ట్యాంకులో అంతకంటే చాలా ఎక్కువ నీరుండాలి. ఎండాకాలంలో బీదర్ జిల్లా నీళ్ల సంగతి మీకు చెప్పనక్కరలేదు. కరెంటు మధ్యలో పోతే, రోగి రక్తం గొట్టాల్లో ఉండగానే పోతుంది. ఇవన్నీ చూసుకోవలసిన మనిషి టెక్నీషియన్. ఇప్పుడు చెప్పండి, నాలుగు మెషిన్లున్న చోట ఒక్క టెక్నీషియన్, ఒక్క షిఫ్టు ఉంటే, మనం ఐదో మెషిన్ కొనిస్తే ఎంతమంది ఎక్కువ రోగులకు డయాలిసిస్ జరుగుతుంది? ఆ ఒక్క మనిషి చేతులు ఐదో దానికి అందితేనే గదా. మన మిల్లులో సైడర్లు లేకుండా కొత్త ఫ్రేములు తెచ్చి నిలబెడితే ఎంత నూలు వస్తుందో దవాఖానలోనూ అంతే.

ఈ విషయం మిల్లు వాళ్లకు కొత్త కాదు. 1952లో అహ్మదాబాద్‌లో కాలికో కంపెనీ వారి మిల్లులో 224 ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. మగ్గం కొత్తది, ఇంజనీర్లు లెక్కలు వేసి మరీ పెట్టారు, అయినా ఉత్పత్తి అనుకున్నంత పెరగలేదు, బట్టలో లోపాలూ తగ్గలేదు. ఇంగ్లండ్‌లోని టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ అనే పరిశోధకుడు వచ్చి చూశాడు. ఒక్కో పనికి ఒక్కో మనిషి, ఎవరి పని వారిది, ఎవరు ఎవరితో కలిసి ఒక మగ్గానికి బాధ్యులో ఎవరికీ తెలియదు. 1953లో కొన్ని మగ్గాలకు కలిపి ఒక జట్టు అనే పద్ధతి పెట్టారు. ఆ జట్లు ఎలా ఉండాలో కార్మికులే ముందుకు వచ్చి చెప్పారు. అవే మగ్గాలు, అదే దారం, ఉత్పత్తి పెరిగింది, చెడిపోయే బట్ట తగ్గింది. యంత్రం చుట్టూ మనుషుల పని సరిగా అమరితే గానీ యంత్రం ఫలితమివ్వదని ఆ షెడ్డులో రుజువైంది.

దవాఖానల్లో పరిస్థితి ఏమిటో మన ప్రభుత్వమే లెక్క తీసింది. జాతీయ ఆరోగ్య మిషన్ కింద దేశంలోని 29,115 ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో 7,56,750 వైద్య పరికరాలను లెక్కించారు. వాటి విలువ సుమారు 4,564 కోట్ల రూపాయలు. రాష్ట్రాన్ని బట్టి నూటికి 13 నుంచి 34 దాకా పనిచేయడం లేదని తేలింది. నూరు రింగ్ ఫ్రేముల్లో ముప్ఫై నాలుగు ఆగిపోయి ఉన్న మిల్లును ఊహించుకోండి. యాజమాన్యం ఆ రోజే పరుగెత్తుకొస్తుంది. దవాఖానలో ఆగిన మెషిన్ కోసం అలా పరుగెత్తేవారు లేరు. ఆ లెక్క వచ్చాకే, 2015 నుంచి, పరికరాల మరమ్మతు కార్యక్రమం మొదలైంది. జిల్లా దవాఖానలో పరికరాలు 95 శాతం సమయం నడుస్తూ ఉండాలని అందులో నియమం పెట్టారు. ఈ 95 అనే అంకెను గుర్తుంచుకోండి, తరువాత మనం దాన్ని వాడుకోబోతున్నాం.

మన ఊళ్లోనే దృష్టాంతం ఉంది. నౌబాద్ దగ్గర బహమనీల కాలంలో తవ్విన సురంగ బావి, కారేజ్ అంటారే, అది మీరంతా చూసిందే. భూమిలో సొరంగం, దాని మీద వరుసగా గుంతలు. గాలి ఆడడానికి, లోపలికి దిగి పూడిక తీయడానికి ఆ గుంతలు. తవ్విన వాళ్ల తెలివి గొప్పదే. కానీ గుంతలు మట్టితో, చెత్తతో పూడిపోయినప్పుడు ఆ తెలివంతా భూమిలోనే ఉండిపోయింది. పూడిక తీసే పని మన కాలంలో మళ్లీ చేపట్టవలసి వచ్చింది.

ఇక ప్రభుత్వ విధానం సంగతి. విధానం అంటే కాగితం మీది మాట కాదు. దవాఖానకు డబ్బు దేనికి ఇస్తారు అన్నదే విధానం. మిల్లులో నెల పగారు వేరు, పీసు రేటు వేరు. పగారు పద్ధతిలో పని నిదానం కావచ్చు, పీసు రేటులో పని పరుగెత్తుతుంది కానీ సరుకు చెడవచ్చు. దవాఖానలకూ అంతే.

మంచి సంగతి ముందు చెబుదాం. 2010లో కర్ణాటక ప్రభుత్వం వాజపేయి ఆరోగ్యశ్రీని మొదట మన గుల్బర్గా డివిజన్‌లోనే పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లాంటిదే అది. గుండె, క్యాన్సర్, మూత్రపిండాల వంటి పెద్ద జబ్బులకు పేదవారి ఖర్చును ప్యాకేజీ చొప్పున ప్రభుత్వం దవాఖానకు కడుతుంది. ఈ పథకం ఉన్న ఉత్తర కర్ణాటక పల్లెలను, అప్పటికి పథకం అందని పక్క పల్లెలను పోల్చి చూసిన పరిశోధన 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పథకం కిందికి వచ్చే జబ్బులతో పేదల చావులు పథకం ఉన్న చోట 64 శాతం తక్కువ అని అందులో తేలింది. డబ్బు కట్టడం ఒక్కటే కాదు, దవాఖానల వాళ్లు పల్లెలకు వచ్చి శిబిరాలు పెట్టి రోగులను వెతికారు, రానుపోను ఏర్పాట్లు చేశారు. రోగి దాకా దవాఖాన వస్తే ఫలితం ఇలా ఉంటుంది. 2018లో ఇది ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటకగా మారింది. బి.పి.ఎల్. కార్డు కుటుంబానికి సంవత్సరానికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం.

ఇక రెండో వైపు. పీసు రేటు ఉన్నచోట పీసులు పెరుగుతాయి. అవసరమున్నా లేకున్నా పెరుగుతాయి. మన పక్క రాష్ట్రం మహారాష్ట్రలో బీడ్ జిల్లా ఉంది. అక్కడి చెరుకు కోత కూలీ ఆడవాళ్లలో గర్భసంచి తీసేసిన వారు ఎక్కువగా ఉన్నారని 2019లో గొడవ అయింది. ప్రభుత్వ కమిటీ 82 వేల మందికి పైగా చెరుకు కోత ఆడవాళ్లను విచారిస్తే, 13 వేల మందికి పైగా ఆ ఆపరేషన్ అయి ఉంది. కోత మానితే ముకద్దం జరిమానా వేస్తాడన్న భయం ఒకవైపు, ఆపరేషన్ చేస్తే డబ్బు వచ్చే ప్రైవేటు దవాఖాన ఇంకోవైపు. మన కార్ఖానాలో తిరిగే చెరుకు అలాంటి చేతులు కోసిందే. ఆపరేషన్ల సంఖ్య చూస్తే ఆ దవాఖానల ఉత్పాదకత బ్రహ్మాండం. ఆ ఆడవాళ్ల నడుం నొప్పిని అడిగితే వేరే లెక్క వస్తుంది.

అమెరికాలోనూ ఇంతే. 1983లో అక్కడి ప్రభుత్వం ముసలివాళ్ల వైద్యానికి అయిన ఖర్చు లెక్కన కాకుండా జబ్బుకు ఇంత అని కట్టడం మొదలుపెట్టింది. దవాఖానలు రోగులను త్వరగా ఇంటికి పంపాయి. మంచాలు ఖాళీ అయ్యాయి, ఖర్చు అదుపులోకి వచ్చింది. కానీ తరువాత చేసిన పరిశోధనలో, ఇంకా కుదుటపడకుండానే ఇంటికి పోయినవారు నూటికి 15 నుంచి 18కి పెరిగారని తేలింది. చావులు పెరగలేదు, ఆ మాటా చెప్పాలి. అయినా దవాఖాన దించుకున్న బరువు ఇంట్లో కోడలి మీదనో, కూతురి మీదనో పడింది. వాళ్ల పని ఏ లెక్కలోనూ రాదు. మన అక్క పోగొట్టుకున్న కూలి కూడా ఏ దవాఖాన లెక్కలోనూ లేదు.

మరి సరైన ఉత్పాదకత ఎక్కడైనా ఉందా? ఉంది. మధురైలో 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి. అక్కడ ఒక డాక్టరుకు రెండు ఆపరేషన్ బల్లలు. ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుండగానే రెండో బల్ల మీద రోగిని నర్సులు సిద్ధం చేస్తారు. డాక్టరు చేయి ఖాళీగా ఉండదు, అయినా ఆయన తొందరపడడు. పల్లె ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చి, డాక్టరు చేయనక్కరలేని పనులన్నీ వాళ్లకు అప్పగించారు. కంట్లో పెట్టే లెన్సు విదేశాల నుంచి ఖరీదుగా వస్తుంటే 1992లో సొంత ఫ్యాక్టరీ పెట్టి చవకగా తయారు చేశారు. అక్కడి డాక్టరు ఏడాదికి చేసే ఆపరేషన్లు దేశ సగటుకు ఎన్నో రెట్లు. పేదలకు ఉచితంగానో, నామమాత్రం ధరకో చేస్తారు. మెషిన్, మనిషి, విధానం మూడూ ఒకే దిక్కుకు లాగాయి కాబట్టి ఆ పని జరిగింది.

మన డయాలిసిస్‌కు వద్దాం. 2016లో కేంద్రం జాతీయ డయాలిసిస్ కార్యక్రమం ప్రకటించింది. జిల్లా దవాఖానల్లో పేదలకు ఉచితం. మెషిన్, నీటి శుద్ధి యంత్రం, పనిచేసే మనుషులు ప్రైవేటు కంపెనీవి. జాగా, కరెంటు, నీళ్లు ప్రభుత్వానివి. డయాలిసిస్‌కు ఇంత అని కంపెనీకి కడతారు. ఈ పద్ధతిలో ప్రభుత్వం బిల్లు ఆలస్యం చేస్తే కంపెనీ ముందు ఆపేది ఎవరి పగారు? టెక్నీషియన్‌ది. అతడు కాంట్రాక్టు కార్మికుడు. మూడు నెలలు పగారు లేకపోతే రజా పెడతాడు, లేదా వేరే ఊరు పోతాడు. మెషిన్ మీద దుప్పటి పడుతుంది. అక్కా, అన్నకు "టెక్నీషియన్ రజాలో ఉన్నాడు" అని జవాబు వచ్చినప్పుడు మనం అతన్ని తిట్టుకున్నాం. అతనికి ఎన్ని నెలల పగారు బాకీ ఉందో ఒక్కసారైనా అడిగామా? అతడు మన శత్రువు కాదు, మన వర్గం మనిషి. కాబట్టి నర్సులతో, టెక్నీషియన్లతో కౌంటర్ దగ్గర జగడాలు పెట్టుకోవద్దని సభ్యులకు ఈ సందర్భంగా విజ్ఞప్తి చేస్తున్నాం.

మన సొంత హక్కు సంగతి కూడా చెప్పాలి. ఈ హాలులో రెండు రకాల కార్మికులున్నారు. నూలు మిల్లు వారికి ఇ.ఎస్.ఐ. ఉంది. 1948 చట్టంతో వచ్చి, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో మొదలైన పథకం అది. 2019 జూలై నుంచి కార్మికుని వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. జబ్బు చేసి పని మానితే సంవత్సరానికి 91 రోజుల దాకా 70 శాతం పగారు వస్తుంది. జాబితాలోని దీర్ఘ రోగాలకు 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా వస్తుంది. మూత్రపిండాల వైఫల్యం ఆ జాబితాలో ఉంది. కానీ చక్కెర కార్ఖానాను చట్టం సీజనల్ ఫ్యాక్టరీ అని బయట పెట్టింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ మినహాయింపు అలాగే ఉంది. అన్న నూలు మిల్లు మనిషి అయి ఉంటే నాగా పడిన రోజులకు పగారులో పెద్ద భాగం వచ్చేది. చక్కెర మనిషి కాబట్టి రాలేదు. జబ్బుకు సీజన్ ఉండదు గదా. దవాఖాన ఎంత బాగా నడిచినా, అక్కడికి పోయే రోజు కూలి పోతుందన్న భయంతో కార్మికుడు ఆలస్యంగా పోతే, ముదిరిన జబ్బుతో పోతాడు. ముదిరిన జబ్బు ఎక్కువ రోజులు మంచం పట్టిస్తుంది. అంటే మన పగారు హక్కుకూ దవాఖాన ఉత్పాదకతకూ నేరుగా సంబంధం ఉంది.

ఇప్పుడు కార్యవర్గం ప్రతిపాదన.

ఒకటి. సంక్షేమ నిధిలో ఈ పనికి అనుకున్న సొమ్మును అన్న పేరిట వేరే ఖాతాలో పెడదాం. ఆరు నెలల దాకా అసలు ముట్టవద్దు. వచ్చే వడ్డీతో, డయాలిసిస్‌కు దూరం పోయే మన సభ్యుల కుటుంబాలకు ఈ నెల నుంచే బస్సు చార్జీ ఇద్దాం.

రెండు. ఐదుగురితో ఒక కమిటీ వేద్దాం. అందులో అక్క ఉండాలని మా కోరిక. దవాఖాన గడపలు మాలో ఎవరికన్నా ఎక్కువ తొక్కింది ఆమే. ఏ జవాబు ఎందుకు చెబుతారో ఆమెకే తెలుసు.

మూడు. ఆ కమిటీ దవాఖాన ఆరోగ్య రక్షా సమితిని, జిల్లా ఆరోగ్య శాఖను రాతపూర్వకంగా అడగాలి. ఎన్ని డయాలిసిస్ మెషిన్లున్నాయి, గత నెలలో ఒక్కోటి ఎన్ని గంటలు నడిచింది? ఎన్ని షిఫ్టులు? టెక్నీషియన్లు ఎందరు ఉండాలి, ఎందరున్నారు, వారికి ఏ నెల వరకు పగారు అందింది? మెషిన్ ఆగితే మరమ్మతుకు ఎవరు రావాలి, ఎన్ని రోజులకు వస్తున్నారు, 95 శాతం నియమం అమలవుతోందా? ఎంతమంది రోగులు వరుసలో ఎదురుచూస్తున్నారు? ఆరోగ్య కర్ణాటక కింద దవాఖానకు వచ్చిన డబ్బు దేనికి ఖర్చయింది? జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుము, ముప్ఫై రోజుల గడువు. బి.పి.ఎల్. కార్డు ఉన్నవారికి ఆ పది కూడా అక్కరలేదు.

నాలుగు. వచ్చిన జవాబును బట్టి నిర్ణయం చేద్దాం. ఉన్న మెషిన్లన్నీ నిండు షిఫ్టులు నడుస్తూ, ఇంకా రోగులు మిగిలి ఉంటే, టెక్నీషియన్, నీళ్లు, మరమ్మతు మూడింటికీ రాతపూర్వక హామీ తీసుకుని మెషిన్ కొందాం. అన్న పేరు రాయిద్దాం. అలా కాక నీళ్ల ట్యాంకు తక్కువైతే ట్యాంకు కట్టిద్దాం. కరెంటు సమస్య అయితే దానికి ఏర్పాటు చేద్దాం. మనిషి తక్కువైతే, ఆ మనిషిని పెట్టేదాకా ధర్నా చేద్దాం. దానికి నిధి అక్కరలేదు, మనం వస్తే చాలు.

ఐదు. చక్కెర కార్మికులకు ఇ.ఎస్.ఐ. వర్తించాలని, సీజనల్ మినహాయింపు తొలగించాలని ఇతర యూనియన్లతో కలిసి డిమాండ్ పెడదాం.

అక్కా, చివరిగా మీకు ఒక్క మాట. నీళ్ల ట్యాంకు మీద పేరు రాస్తే ఫోటోకు బాగుండదని మీరు అనుకోవచ్చు. సాయంత్రం మీ పక్కన కూర్చుని ఇదే మాట మేము అన్నప్పుడు మీరు చెప్పిన జవాబును ఈ సభకు వినిపించడానికి అనుమతి ఇచ్చారు. "పేరు ఎక్కడుంటే ఏంది, ఇంకొకరు నాలుగింటికి లేచి బస్సు ఎక్కకుండా ఉంటే చాలు" అన్నారు. కార్యవర్గం రాసుకొచ్చిన ఈ కాగితాలన్నిటి కంటే ఆ మాట సూటిగా ఉంది. మన ఐదు అంశాలూ దాని కోసమే.

సభ్యులు చర్చించి నిర్ణయించవలసిందిగా కోరుతూ ముగిస్తున్నాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

(చర్చ తరువాత అక్క తన తీర్మానాన్ని ఉపసంహరించుకున్నారు. ఐదు అంశాల ప్రతిపాదనను సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. కమిటీ మొదటి నివేదికను వచ్చే సంచికలో చూడగలరు.)